చెరువు గట్టు బాట మీద 15 కి.మీ. వేగ పరిమితి బోర్డు పెడితే సరిపోతుందా? (బెంగళూరు)

గట్టుదారి
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సర్జాపుర రోడ్డు వైపు ఉంటాను. మా లేఅవుట్ పక్కన చెరువు, దాని చుట్టూ రెండున్నర కిలోమీటర్ల బాట ఉన్నాయి. బాట వెడల్పు మూడు మీటర్లు. తెల్లవారి అయిదున్నర నుంచి ఎనిమిది దాకా అక్కడ అందరూ ఉంటారు: నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, కుక్కలను తిప్పేవాళ్లు, పక్కచక్రాల సైకిళ్ల మీద పిల్లలు, నాలాంటి సైకిలిస్టులు. చెరువు పేరు రాయడం లేదు. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, తప్పు నాది.

పోయిన ఆదివారం ఆరుంపావుకు వెదురు పొద దగ్గర మలుపు తిరిగాను. ఎదురుగా ఒక పెద్దావిడ, బాట అంచున నడిచి వస్తున్నారు. రెండు బ్రేకులూ పట్టాను. వెనక చక్రం జారింది. పక్కకు తిప్పగలిగాను కానీ హ్యాండిల్ కొస ఆవిడ చేతిసంచికి తగిలింది. ఆవిడ పడలేదు. సంచిలో ఉన్న నందిని పాల ప్యాకెట్ పగిలి, రాతిపొడి మీద పాలు సన్నగా పారాయి. ఆవిడ ఆ పాల వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. కంచె తీగ పట్టుకుని మోకాళ్ల వణుకు ఆగేదాకా అలాగే నిలబడ్డారు. నీళ్లిచ్చి, ఇంటిదాకా వెంట నడిచాను. దారిలో ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంటికి వచ్చి సైకిల్ మీటరులో చూస్తే మలుపుకు ముందు వేగం గంటకు 27 కి.మీ. గేటు దగ్గర గుండ్రటి ఎర్ర అంచు బోర్డు మీద 15 అని ఉంది. రెండేళ్లుగా దాని పక్కనుంచే వెళ్తున్నాను.

ఇప్పుడు మా నివాసుల సంఘంలో రెండు మాటలు నడుస్తున్నాయి. సైకిళ్లను పూర్తిగా ఆపేయాలని కొందరు, 15 బోర్డులు ఇంకో పది పెట్టాలని కొందరు. వచ్చే నెల సమావేశం. మీ చోట బోర్డు వల్ల వేగం తగ్గిందా? తగ్గి ఉంటే అది ఎలాంటి బోర్డు, ఎక్కడ పెట్టారు?

ఉదయపు నడక
శనివారం, రాత్రి 10:15

బాబూ, ఆ పెద్దావిడ నేను కాదు కానీ నేనే అనుకో. నాకు అరవై ఆరు. కొడుకు దగ్గర ఉంటాను, రోజూ గంట నడుస్తాను. డాక్టరు రాసిచ్చిన మందుల్లో అదొకటి.

మీకు తెలియనిది ఒకటి చెప్తాను. సైకిల్ తగలకపోయినా మాకు దెబ్బ తగిలినట్టే ఉంటుంది. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి జానెడు దూరంలో దూసుకుపోతే ఒళ్లంతా జలదరిస్తుంది. మీరు మమ్మల్ని చూశారు, దూరం అంచనా వేసుకున్నారు, ఖాళీ ఉందనుకున్నారు. అదంతా మీ తలలో జరిగింది, మాకు తెలియదు కదా. ఆ క్షణంలో నేను ఒక అడుగు కుడివైపు వేసి ఉంటే? వెలగపండు రాలిందనో, కాలికింద రాయి తగిలిందనో ఆ అడుగు ఎప్పుడైనా పడవచ్చు. మా వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది. తుంటి విరిగాక మళ్లీ ఈ గట్టు మీద నడవగలమా?

మా తప్పూ చెప్పాలి. మేము నలుగురం వియ్యపురాళ్లలా వరుస కట్టి నడుస్తాం, బాటంతా మాదే. ఒకావిడ చెవుల్లో రెండు వైపులా పాటలు. బెల్లు కొడితే ఇద్దరు ఎడమకు, ఇద్దరు కుడికి చెదిరిపోతాం. నడుమ సైకిలబ్బాయి ఏం చేస్తాడు పాపం. ఇద్దరికి మించి పక్కపక్కన నడవకూడదని మాలో మేము అనుకున్నాం, వారం నుంచి పాటిస్తున్నాం.

హెబ్బాళ చక్రం
శనివారం, రాత్రి 11:02

మీరు దాచకుండా రాశారు, అందుకు గౌరవం. కానీ నిషేధం అన్న మాట వినగానే నాకు గుండె జారింది.

ఈ ఊరిలో సైకిల్ తొక్కడానికి చోటు ఎక్కడుందో చెప్పండి. లాల్‌బాగ్‌లో సైకిల్ గేటు బయటే ఆగిపోవాలి. కబ్బన్ పార్కులో ఆదివారాలు మోటారు బండ్లను ఆపుతారు కాబట్టి ఆ ఒక్క పూట ఊపిరి పీల్చుకుంటాం. జయనగర్‌లో సైకిల్ బాటలు గీశారు, వాటి మీద కార్లు నిలిపారు. 2020లో, కరోనా కాలంలో, ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు కూడలి వైపు నుంచి స్తంభాలు పాతి సైకిళ్లకు ఒక వరుస ఇచ్చారు. ఆ వరుసలోకి మోటారు సైకిళ్లు దూరాయి, స్తంభాలు ఒక్కొక్కటే విరిగాయి. రోడ్డు మీద లారీ పక్కన తొక్కలేక చెరువు గట్టు ఎక్కినవాళ్లం మేము. అక్కడినుంచి కూడా దిగమంటే సైకిల్‌ను అటక మీద పెట్టుకోవడమే.

15 గురించి నా మాట ఇది. రెండు వందల మీటర్లు తిన్నగా, ఖాళీగా కనిపిస్తున్న చోట 15 అని రాస్తే ఎవరూ పాటించరు. పాటించని బోర్డు ఒకటి ఉంటే దాని పక్కన నిజంగా అవసరమైన బోర్డుకూ విలువ పోతుంది. తిన్నని చోట 25 పెట్టండి, మలుపుల్లో తగ్గించండి. అంతటా ఒకే అంకె వద్దు.

లెక్కల మాస్టారు
ఆదివారం, ఉదయం 6:30

గట్టుదారి, వేగం సంగతి తరువాత. ఆ మలుపులో మీకు ఎంత దూరం కనిపిస్తుంది? సైకిల్ మీద కూర్చున్న ఎత్తునుంచి చూడాలి. ఒకరిని ఎదురుగా నడిపించి, మనిషి మొదట కనిపించిన చోటుకు టేపుతో కొలిచి రాయండి. ఉజ్జాయింపుగా వద్దు.

గట్టుదారి
ఆదివారం, ఉదయం 9:10

మాస్టారూ, ఇప్పుడే కొలిచి వచ్చాను. మా అబ్బాయి ఎదురునుంచి నడిచాడు. తొమ్మిది మీటర్లు. నేను కనీసం ఇరవై అనుకున్నాను. వెదురు అంతగా అడ్డు రావడం లేదు. దాని కింద బాట మీదకు వాలిన లంటానా పొదలే చూపును మూసేస్తున్నాయి.

లెక్కల మాస్టారు
ఆదివారం, ఉదయం 11:25

సరే, ఇప్పుడు లెక్క చూద్దాం. మనిషి కనిపించాక మెదడు గ్రహించి, వేళ్లు బ్రేకు మీద బిగియడానికి ఒక సెకను అనుకుందాం. మంచి బ్రేకులతో, పొడి నేల మీద, వేగం ప్రతి సెకనుకూ సెకనుకు నాలుగు మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. రాతిపొడి మీద అంత పట్టు దొరకదు, మీ వెనక చక్రం జారింది అందుకే. అయినా మీకు అనుకూలంగానే లెక్క వేస్తాను.

27 కి.మీ. వేగం అంటే సెకనుకు ఏడున్నర మీటర్లు. ఆలోచించే ఆ ఒక్క సెకనులోనే ఏడున్నర మీటర్లు అయిపోయాయి. బ్రేకు పట్టేసరికి మీకూ ఆవిడకూ మధ్య మిగిలింది ఒకటిన్నర మీటరు. పూర్తిగా ఆగాలంటే మొత్తం పద్నాలుగున్నర మీటర్లు కావాలి. ఆవిడ బాట నడుమ ఉండి ఉంటే దాదాపు 24 కి.మీ. వేగంతో తగిలేవారు. అంచున నడవడం ఒక్కటే ఆవిడను కాపాడింది. మీ బ్రేకుకు అందులో పాత్ర చాలా తక్కువ.

20 కి.మీ. అయితే ఆగడానికి తొమ్మిదిన్నర మీటర్లు. చాలదు. 15 అయితే ఆరున్నర లోపే ఆగుతారు. కనుక ఆ మలుపులో 15 అన్న అంకె ఎవరో పెద్దమనిషి చాదస్తంతో రాసింది కాదు. ఆ పొద రాయించిన అంకె.

ఇంకో సంగతి. ఎదురుగా వచ్చేది కూడా సైకిలే అయితే ఆ తొమ్మిది మీటర్లు ఇద్దరూ పంచుకోవాలి. ఒక్కొక్కరికి నాలుగున్నర. అప్పుడు 15 కూడా ఎక్కువే, 10కి దిగాలి. అదే పొద కొట్టేసి పాతిక మీటర్లు కనిపించేలా చేస్తే 25లో వచ్చేవాడు కూడా పదమూడు మీటర్లలో ఆగగలడు.

హెబ్బాళ చక్రం చెప్పినదానితో ఏకీభవిస్తాను, ఒక్క సవరణతో. అంకె ఎంతో బాట చెప్పాలి. కంటికి ఎంత దూరం కనిపిస్తుందో అందులో ఆగగలిగినంతే వేగం. బాట తిన్నగా ఉన్నా దాని మీద పిల్లలు ఉంటే, కనిపించే దూరం ఆ పిల్లవాడి దగ్గరే ఆగిపోయినట్టు లెక్క.

పాపాయి నాన్న
ఆదివారం, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, చివరి వాక్యం మా ఇంటి తలుపు మీద అంటించుకోవాలి. మా పాపకు ఆరేళ్లు. ఈ నెలే పక్కచక్రాలు తీశాం. తను తిన్నగా తొక్కదు. సీతాకోకచిలుక కనిపిస్తే హ్యాండిల్ అటు తిరుగుతుంది, "నాన్నా చూడు" అని వెనక్కి చూస్తే సైకిలంతా అటే పోతుంది. తప్పు అనడానికి లేదు, ఆ వయసే అంత.

నా ప్రశ్న వేరు. నా సైకిల్‌కు మీటరు లేదు. గట్టు మీద తిరిగేవాళ్లలో చాలామందికి లేదు. 15 అని రాస్తే మేము ఎంత వేగంలో ఉన్నామో మాకెలా తెలుస్తుంది?

లెక్కల మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 1:40

బాట మీద యాభై మీటర్లు కొలిచి రెండు గీతలు గీయండి. ఒక గీత దాటినప్పటినుంచి రెండో గీత దాకా మనసులో సెకన్లు లెక్కపెట్టుకోండి. పన్నెండు వస్తే 15 కి.మీ. ఏడు వస్తే 25 దాటారు. ఆరు వస్తే 30. పిల్లల చేత చేయించండి, చక్కగా నేర్చుకుంటారు. ఒకసారి పన్నెండు సెకన్ల ఊపు కాళ్లకు అలవాటైతే మీటరు అక్కర లేదు.

కోర్టు వరండా
ఆదివారం, సాయంత్రం 5:20

చట్టం సంగతి అడిగేవాళ్లు ఎలాగూ వస్తారు కాబట్టి ముందే రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988లో వేగ పరిమితులు 112వ సెక్షన్‌లో ఉన్నాయి. అవి మోటారు వాహనాలకే. పెడల్ తొక్కే సైకిల్ మోటారు వాహనం కాదు. కాబట్టి గట్టు మీద 15 బోర్డు చూపించి ఆ చట్టం కింద జరిమానా వేయలేరు. పార్కు లేదా చెరువు ఎవరి ఆధీనంలో ఉందో వాళ్ల నిబంధనగానే ఆ బోర్డుకు బలం.

అంతమాత్రాన ఎలా తొక్కినా చెల్లుతుందని కాదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్ చూడండి. పాత శిక్షాస్మృతిలో అది 279. బహిరంగ మార్గంలో మనిషి ప్రాణానికి ముప్పు కలిగేలా దుడుకుగా గానీ నిర్లక్ష్యంగా గానీ వాహనం నడిపితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అక్కడ మోటారు అన్న మాట లేదు. సైకిల్‌కూ వర్తిస్తుంది.

బ్యాటరీ బండ్ల విషయం. మోటారు 250 వాట్ల లోపు ఉండి, వేగం గంటకు 25 కి.మీ. దాటకుండా తయారైనవి మోటారు వాహనాల లెక్కలోకి రావు. లైసెన్సు, నంబరు ప్లేటు అక్కర లేదు. గేటు దగ్గర "మోటారు వాహనాలకు ప్రవేశం లేదు" అని రాస్తే అవి రావచ్చనే అర్థం వస్తుంది. ఆపాలనుకుంటే వాటి పేరు విడిగా రాయాలి.

తిరుగు ప్రయాణం
ఆదివారం, రాత్రి 8:45

తొమ్మిదేళ్లు సింగపూర్‌లో ఉండి వచ్చాను. అక్కడ ఈ గొడవంతా అయ్యాక లెక్క తేల్చారు. నడకదారి మీద సైకిల్ అనుమతించిన చోట గంటకు 10 కి.మీ., సైకిళ్లూ మనుషులూ కలిసి వాడే వెడల్పు బాట మీద 25. నడకదారి మీద మొదట 15 ఉండేది, 2019లో 10కి దించారు. ఆ ఏడాది నవంబరులోనే నడకదారుల మీద విద్యుత్ స్కూటర్లను మొత్తంగా ఆపేశారు.

నాకు అక్కడ నచ్చింది వేరొకటి. బస్టాపు వెనకనుంచి బాట వెళ్లే చోట నేల మీదే రంగుతో గీతలు, "నెమ్మది" అన్న మాట ఉండేవి. సైకిల్ తొక్కేవాడి చూపు ముందు చక్రానికి పది పదిహేను మీటర్ల దూరంలో నేల మీద ఉంటుంది. స్తంభానికి కట్టిన బోర్డు అతని కళ్లలో పడదు. గట్టుదారి గారి గేటు బోర్డు రెండేళ్లు ఎందుకు పని చేయలేదో నాకు అర్థమవుతుంది. గేటు దగ్గర అందరూ ఎలాగూ నెమ్మదిగానే తిరుగుతారు. బోర్డు అక్కర్లేని చోట ఉంది, అక్కరున్న చోట లేదు.

అడవిబాట
ఆదివారం, రాత్రి 9:30

నేల మీద రంగు వేసేవాళ్లకు ఒక హెచ్చరిక. మామూలు ఎనామిల్ పెయింటు వద్దు. వాన పడితే నున్నగా అవుతుంది. అలాంటి తెల్లగీత మీద, మలుపులోనే, మోచేయి చీల్చుకున్నాను. రంగులో సన్నని ఇసుక కలిపించండి, లేదా రోడ్లకు వాడే గరుకు పూత వేయించండి. మలుపు నడుమ కాకుండా మలుపుకు ముందు తిన్నని భాగంలో వేయండి. స్పీడు బ్రేకరు మాత్రం వద్దే వద్దు. సైకిల్ కంటే ముందు చక్రాల కుర్చీకి, చంటిపిల్లల బండికి అడ్డం అది.

నేను కనకపుర రోడ్డు వైపు మట్టిబాటల మీద తొక్కుతాను, అనుమతి ఉన్న చోట్లే. కొండబాటల సైకిలిస్టులకు పాత మర్యాద ఒకటి ఉంది. సైకిల్ నడిచేవాళ్లకు దారి ఇవ్వాలి, సైకిలూ నడిచేవాళ్లూ గుర్రానికి దారి ఇవ్వాలి. అమెరికాలో బాట మొదట్లోనే మూడు బొమ్మలతో ఒక త్రికోణం బోర్డు ఉంటుంది, అందులో ఇదే గీసి ఉంటుంది. అంకె లేదు, ఎవరు ఎవరికి తగ్గాలో చెప్పే బాణాలే. కాలిఫోర్నియాలో టమల్‌పాయిస్ కొండ ఉన్న మరీన్ కౌంటీలో అంకె కూడా ఉంది: గంటకు 15 మైళ్లు, మనిషిని దాటేటప్పుడూ కనిపించని మలుపుల్లోనూ 5 మైళ్లు. అంటే 8 కి.మీ. మాస్టారి లెక్క చెప్పిన 10కి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

దాటేటప్పుడు ఏం చెప్పాలో కూడా మాట్లాడుకోవాలి. అమెరికా వీడియోలు చూసి మన పిల్లలు "లెఫ్ట్" అని అరుస్తున్నారు. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి, అందుకని ఎడమనుంచి దాటుతారు. మనం ఎడమపక్కన నడుస్తాం, కుడినుంచి దాటాలి. పైగా "లెఫ్ట్" అని వినగానే మనవాళ్లు ఎడమకు జరగమంటున్నారా, ఎడమనుంచి వస్తున్నారా అని తడబడతారు. కన్నడలో కుడిని "బల" అంటారు, ఎడమను "ఎడ" అంటారు. మూడు భాషలూ కలిసి ఆ అర సెకనులో ఎవరికి అర్థమవుతాయి? నేను పాతిక అడుగుల ముందే ఒకసారి బెల్లు కొట్టి, దగ్గరికి వచ్చాక "స్వల్ప జాగ బిడి" అంటాను. కొంచెం చోటు ఇవ్వండి అని. ఇంతవరకు ఎవరూ విసుక్కోలేదు.

తెల్ల కర్ర
సోమవారం, ఉదయం 7:15

నాకు చూపు లేదు. ఈ చర్చ ఫోను చదివి వినిపిస్తోంది.

బోర్డు మీద 15 రాసినా 50 రాసినా నాకు తేడా లేదు. నాకు బోర్డు అంటే చప్పుడు. పాత సైకిల్ వెనకనుంచి వస్తే గొలుసు కిరకిర, మడ్‌గార్డు గలగల వినిపించేవి. మంచి సైకిల్ పెడల్ ఆపితే వెనక చక్రం టిక్ టిక్ మంటుంది, అదీ తెలుస్తుంది. బ్యాటరీ బండి మాత్రం నా మోచేతి పక్కకు వచ్చాకే తెలుస్తుంది.

మీ అందరినీ ఒకటి అడుగుతాను. బెల్లు కొట్టిన వెంటనే దాటేయకండి. బెల్లు విన్నాక అది ఎటునుంచో పోల్చుకుని, కర్రను దగ్గరికి తీసుకుని, అంచుకు జరగడానికి నాకు నాలుగైదు సెకన్లు పడుతుంది. చాలామంది బెల్లు కొట్టడం, దాటడం ఒకేసారి చేస్తారు. నేను జరిగేది సరిగ్గా వాళ్ల చక్రం కిందికే. మాట ఇంకా మంచిది. మాట వింటే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో, ఎటు ఉన్నాడో తెలుస్తుంది. ఆ గొంతు నాతో మాట్లాడుతోందని కూడా తెలుస్తుంది.

మోటారు సైకిళ్లను ఆపడానికి మా దగ్గర గేటులో ఇనుప స్తంభాలు దగ్గర దగ్గరగా పాతారు. నా కర్రకు అవి ఆనవాలు, మంచిదే. కానీ చక్రాల కుర్చీలో వచ్చే మా స్నేహితుడు లోపలికి రాలేకపోయాడు. మోటారు సైకిల్ హ్యాండిల్‌ను ఆపేంత సందు పెడితే కుర్చీ కూడా ఆగిపోతుంది. స్తంభాలు పాతేముందు కుర్చీ ఒకటి తెచ్చి తోసి చూడండి.

హెబ్బాళ చక్రం
సోమవారం, ఉదయం 8:50

తెల్ల కర్ర గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బెల్లు కొట్టి దాటేయడం నేను రోజూ చేసే పనే. అదే మర్యాద అనుకున్నాను. ఇకనుంచి అలా చేయను.

25 అన్న మాట మీద నిన్నటినుంచి ఆలోచిస్తున్నాను. తిన్నని చోట, పూర్తిగా ఖాళీగా ఉంటే అంటాను ఇప్పటికీ. కానీ ఆరున్నరకు మా గట్టు పూర్తిగా ఖాళీగా ఉండదు. అయిదింటికి ఉంటుంది. వేగంగా తొక్కాలనుకునేవాడు ఆ వేళకు రావాలి, లేదా నంది కొండ దారి పట్టాలి.

గట్టుదారి గారికి ఇంకో సూచన. సైకిలిస్టులు తమ సవారీలు నమోదు చేసుకునే స్ట్రావా యాప్‌లో మీ బాట సెగ్మెంటుగా, అంటే సమయాలు పోల్చి చూపే ముక్కగా ఉందా? ఉంటే మీ 27కు సగం కారణం అదే కావచ్చు. ఎవరు తక్కువ సమయంలో చుట్టారో ఆ జాబితా పిల్లలను పరుగెత్తిస్తుంది. ఆ సెగ్మెంటును ప్రమాదకరమైనదిగా గుర్తు పెట్టే వీలు స్ట్రావాలో ఉంది. అలా పెడితే దాని విజేతల పట్టిక కనిపించదు.

నిర్వాహకులు
సోమవారం, ఉదయం 11:00

డెలివరీ పని చేసేవాళ్లను ఉద్దేశించి రాసిన రెండు టపాలు తొలగించాం. బండి గురించి, బాట గురించి రాయండి. మనుషులను కించపరచవద్దు.

రాత్రి బట్వాడా
సోమవారం, రాత్రి 11:50

ఆ తొలగించిన టపాలు చదివాను. నేను ఆ పని చేసేవాడినే. మదనపల్లె నుంచి వచ్చాను, అద్దెకు తీసుకున్న బ్యాటరీ బండి నడుపుతాను.

గట్టు మీదుగా వెళ్తే మూడు నిమిషాలు. చుట్టూ తిరిగి వెళ్తే సర్వీసు రోడ్డు, వాన పడితే మోకాలి లోతు నీళ్లు, యూటర్న్, మొత్తం పద్నాలుగు నిమిషాలు. ఆర్డరు ఇచ్చినవాళ్ల ఫోనులో నా చుక్క కదలడం కనిపిస్తుంది. ఆలస్యమైతే నా ఖాతాకే తగ్గుతుంది. ఇవి చెప్పి తప్పు ఒప్పు చేసుకోవడం లేదు. గట్టు మీద ముసలివాళ్లు నడుస్తున్నారు, మా నాయనమ్మ కూడా అలాగే నడుస్తుంది.

తెల్ల కర్ర గారు రాసింది చూశాక మా గదిలో నలుగురికి చదివి వినిపించాను. తెల్లవారి వేళ, సాయంత్రం వేళ గట్టు ఎక్కకూడదని అనుకున్నాం. రాత్రి పదకొండు తరువాత బాట ఖాళీగా ఉంటుంది. అప్పుడైనా వెళ్లనిస్తారా అని మీ సమావేశంలో అడగండి.

ఉదయపు నడక
మంగళవారం, ఉదయం 8:20

రాత్రి బట్వాడా, నాయనా, అడుగుతాం. నేను మా సంఘంలో అడుగుతాను. వేళలను బట్టి బాట పంచుకోవడం మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నదే. కాలువ నీళ్లకు వంతులు వేసుకోలేదా?

బోర్డు భాష గురించి ఒక మాట. ఇది బెంగళూరు, ముందు కన్నడ ఉండాలి. అది న్యాయం. ఇక్కడి బోర్డుల మీద "నిధానవాగి చలిసి" అని చూస్తుంటాను. కన్నడంలో నిధాన అంటే నెమ్మది. తెలుగులో మనం నిదానం అంటే నెమ్మదితో పాటు ఓర్పు కూడా. చిన్నప్పుడు నీళ్ల బిందె ఎత్తుతుంటే మా అమ్మ "నిదానం, నిదానం" అనేది. రెండు భాషలవాళ్లకూ అర్థమయ్యే మాట ఉండగా అంకె ఒక్కటే ఎందుకు రాయాలి? అంకెతో పాటు ఎందుకో కూడా రాయండి. మలుపు ఉందని, అవతల పిల్లలు ఉన్నారని.

గట్టుదారి
మూడు వారాల తరువాత, శుక్రవారం, రాత్రి 9:05

సమావేశం అయింది. సైకిళ్ల నిషేధం తప్పింది. తొందరపడి సంతోషించడం లేదు, ఆరు నెలలు చూస్తామన్నారు.

అన్నిటికంటే ముందు పొద కొట్టించాం. అనుమతి తీసుకుని, తోటమాలితో కలిసి రెండు ఆదివారాలు పని చేశాం. లంటానా వేళ్లు ఇంత మొండివని తెలియదు, అరచేతులు బొబ్బలెక్కాయి. వెదురును ముట్టుకోలేదు, అందులో పిట్టల గూళ్లు ఉన్నాయి. మళ్లీ టేపు పెడితే ఇరవై రెండు మీటర్లు వచ్చింది. మాస్టారూ, తొమ్మిది నుంచి ఇరవై రెండు!

పది కొత్త బోర్డుల ప్రతిపాదన పోయింది. గేటు బోర్డును అక్కడినుంచి తీసి మలుపుకు ముప్పై మీటర్ల ముందుకు మార్చారు. రెండో వైపు ఇంకొకటి. పైన కన్నడంలో "ముందె తిరువు ఇదె, నిధానవాగి చలిసి", దాని కింద 15, దాని కింద కర్రతో మనిషి, పిల్ల, సైకిల్ బొమ్మలు. సైకిల్ నుంచి మిగతా ఇద్దరి వైపు బాణం. బాణం ఎటు ఉండాలన్న దాని మీదే అరగంట మాట్లాడారు. గేటు దగ్గర చక్రాల కుర్చీ తెచ్చి తోసి చూశాకే స్తంభాల సందు ఖాయం చేశారు. రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా బ్యాటరీ బండ్లకు అనుమతి అడిగాం. దాని మీద ఇంకా ఒప్పుకోలేదు, వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. రాత్రి బట్వాడా, మళ్లీ అడుగుతాం.

స్ట్రావాలో ఆ సెగ్మెంటుకు ప్రమాదం గుర్తు పెట్టాను. పట్టికలో నా పేరు మూడోది ఉండేది.

ఆ పెద్దావిడ నిన్న మళ్లీ కనిపించారు, అదే మలుపులో. నేను దూరంనుంచే సైకిల్ దిగి, తోసుకుంటూ వెళ్లాను. ఆవిడ ఆగి, పొద కొట్టేసిన చోటు చూసి, "ఇప్పుడు నువ్వు వచ్చేది కనిపిస్తోంది" అన్నారు.

ఈ ఆదివారం యాభై మీటర్ల గీతలు గీసి, పిల్లలతో సెకన్ల లెక్క చేయిద్దామనుకుంటున్నాం. రంగు వేసే ముందు రెండు వారాలు దేనితోనైనా గుర్తు పెట్టి చూడాలి. సుద్ద నిలవడం లేదు.

పాపాయి నాన్న
శుక్రవారం, రాత్రి 9:30

మేము వస్తాం. పాప ఇప్పటికే ఇంట్లో పన్నెండు దాకా లెక్కపెట్టి సాధన చేస్తోంది.

ఉదయపు నడక
శుక్రవారం, రాత్రి 9:48

సుద్ద ఎలా నిలుస్తుంది బాబూ, ముగ్గుపిండి కావాలి. బియ్యప్పిండి కలపనిది, చీమలు పట్టకుండా. ఆరింటికి డబ్బాతో వస్తాను. గీత నేను గీస్తాను, టేపు నువ్వు పట్టుకో.